పార్సిల్ గదిలో కంపు

దగ్గరికి జరగండి. ప్రభువుని ఒకసారి తలుచుకుని మరీ వినండి. మా ఊరి పాత రైలు స్టేషన్ని బాగుచేసి, మా ఆస్ట్రేలియా ఆదివాసుల బొమ్మలకీ బుట్టలకీ మ్యూజియం చేశారు కదా... అందులో పార్సిల్ గదికి మాత్రం చెడ్డ పేరు.

శవం కంపు. ముక్కు మూసుకున్నా గొంతులో తగిలేది.

"అది పోయినామె కోపం," అనేవాడు కాపలాదారు క్లారీ. "ఆ గది జోలికి పోకండి."

పోయినామె అంటే మా ఊరి మేవిస్ చెల్లెలు. చనిపోయినవాళ్ల పేరు మేం పలకం. అప్పటికి మూడు వారాల కిందటే పూడ్చాం. ఆమె అల్లిన గడ్డిబుట్టలే మర్నాటి ప్రదర్శన. పొద్దుటికి కంపు పోకపోతే తలుపులు తెరవద్దన్నారు పెద్దలు. బుట్టలు మళ్లీ, ఇన్నాళ్లూ మూలపడున్న సిడ్నీ గోదాములోకే.

మేవిస్ ఒప్పుకోలేదు. పొద్దు వాలగానే పచ్చి యూకలిప్టస్ ఆకులు రాజేసి, పోయినవాళ్లని సాగనంపే ఆ పొగ పట్టుకుని గదిలోకి నడిచింది. వెనకే క్లారీ—

"అక్కా, వద్దే..."

"ఏరా, ఇంత లావు మనిషివి, నా వెనక దాక్కుంటావా?"

పొగ గదంతా నిండింది. కంపు తగ్గలేదు... పెరిగింది. కాలికింద ఏదో మెత్తగా చిట్లింది.

పురుగు. ఒకటి కాదు. తెల్లగా, బలిసి, వరసకట్టి... మూల ఉన్న ఇనప బీరువా కిందనుంచి.

"తాళం తియ్యి," అంది గుసగుసగా.

"తాళంచెవి పోయిందక్కా."

"మరి నీ మొలకి వేలాడేదేంటి?"

తలుపు కిర్రుమంది. లోపల— కంగారూ తోకలు. నల్లబడి, జిగట కారుతూ, పురుగులతో కదులుతూ...

చెల్లెల్ని పూడ్చిన రోజు వంటకి తెచ్చిన తోకలు! "అయిపోయాయి," అని ఆ రోజు అందరికీ ఖాళీ చేతులు చూపించింది వీడే.

"చావుకూడు దాచుకున్నావురా? చుట్టాలకి తలో ముక్క పెట్టాల్సొస్తుందనీ?" మేవిస్ వాణ్ని బీరువా ముందుకి తోసింది. "పైగా కంపు నా చెల్లెలి మీదకి నెట్టావు. థూ! నీకంటే ఈ పురుగులు నయం, పంచుకునైనా తింటున్నాయి. ఎత్తు. చేతుల్తో ఎత్తు!"

క్లారీ కదల్లేదు. బీరువాలోకే చూస్తున్నాడు.

"అక్కా... నేను పెట్టినవి నాలుగు. తాళంచెవి నా మొల దాటలేదు."

కుళ్లినవి మూడే.

పై అరలో నాలుగో తోక ఎముకలు— పెద్దదాన్నుంచి చిన్నదాకా వరసగా పేర్చి, తెల్లగా, నున్నగా, నాకినట్టు. వాటిమీద ఒక్క పురుగూ లేదు.

మేవిస్ వేలితో తాకింది.

ఎంగిలి ఇంకా ఆరలేదు.