రెండో బ్రేకు

"గేరు మార్చమన్నాను, ముఖం కాదు!" అంది డ్రైవింగ్ టీచరు.

స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతున్న మందుల షాపు కుర్రాడు ఉలిక్కిపడి గేరు వేశాడు. కారు గుర్రంలా ఎగిరి, గాడిదలా నడిచింది. అందరి దగ్గుకీ మందిచ్చేవాడికి తన సిగ్గుకి మాత్రం ఏ అరలోనూ సీసా దొరకలేదు.

ఇవాళ ఆఖరి క్లాసు. రేపు టెస్టు. పాసైతే బండి నడిపే లైసెన్సు వస్తుంది; ఈ అమ్మాయి పక్కన కూర్చునే లైసెన్సు పోతుంది. మనసులో మాట చెప్పడానికి మిగిలింది ఈ గంటే.

"ఏం టానిక్ గారూ, పెదాలు కదుపుతున్నారు? నన్ను తిట్టుకుంటున్నారా?"

"అబ్బే! మేడమ్, మీతో ఒక..."

"ఇండికేటర్!"

ఇండికేటర్ వేశాడు. మాట మింగాడు. వాన మొదలైంది.

"మేడమ్, చాలా రోజులుగా నేను..."

"చాలా రోజులుగా నేనూ చెబుతున్నాను, అద్దం చూడమని. నన్నెందుకు చూస్తారు?"

అద్దం చూశాడు. వెనక బస్సు కనిపించింది గానీ, పక్కన నవ్వు ఆపుకుంటున్న మనిషి కనిపించలేదు.

అప్పుడే ఎడమ సందులోంచి ఒక లారీ, హారనైనా కొట్టకుండా, అడ్డంగా దూసుకొచ్చింది. అతని కాళ్లు రెండూ కొయ్యబారిపోయాయి. నేర్పే కార్లలో టీచరు కాలికింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆమె దాన్ని తొక్కిపట్టింది. తడిరోడ్డు మీద కారు కీచుమంటూ జారి, లారీ చక్రానికి జానెడు దూరంలో ఆగింది.

లారీ వెళ్లిపోయింది. ఇంజను ఆగిపోయింది. వైపర్లు మాత్రం ఏమీ జరగనట్టు అటూ ఇటూ ఊగుతున్నాయి.

"ఇప్పుడు పోయుంటే చెప్పకుండానే పోయేవాణ్ణి" అన్నాడతను. "నాకు మీరంటే ఇష్టం. మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుంది. తిట్టండి, పర్లేదు."

ఆమె తిట్టలేదు. దాంతో అతనికి మరింత భయం వేసింది.

"దిగండి."

"మేడమ్..."

"దిగమన్నానా! ఇటు కూర్చోండి. నేను నడుపుతాను."

కారు తిన్నగా డ్రైవింగ్ స్కూలు ముందు ఆగింది. లోపల బల్ల వెనక ఓనరుగారు, అంటే ఆమె నాన్న. ఆయన మీసం చూస్తేనే నేర్చుకునేవాళ్లకి రివర్సు గేరు పడుతుంది.

"ఎక్కడ గుద్దావోయ్?"

"ఎక్కడా లేదండీ."

"మరి ఆ ముఖమేంటి?"

తలుపు అడుగు దూరంలోనే ఉంది. పారిపోవచ్చు. పారిపోతే ఈ మాట మళ్లీ ఎప్పుడు? లారీకీ కారుకీ మధ్య మిగిలిన ఆ జానెడు గుర్తొచ్చింది.

"మీ అమ్మాయంటే నాకిష్టమండీ. మీరు ఒప్పుకుంటే పెళ్లి చేసుకుంటాను."

పెద్దాయన కూతురివైపు తిరిగాడు. "వింటున్నావా వీడి మాట?"

"ఇందాకే విన్నాను నాన్నా. అందుకే తీసుకొచ్చాను." ఆమె కారు తాళాలు బల్ల మీద పెట్టింది. "దార్లో లారీ కిందకి పోబోయాం. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నేనూ దాచుకున్నాను. ఇక దాచను."

లారీ అన్న మాటకి ఆయన ముఖం పాలిపోయింది. లేచి కూతురికి కుర్చీ లాగాడు. తల నిమిరాడు. కిటికీలోంచి కాసేపు వాన చూశాడు.

తర్వాత ఇంకో కుర్చీ లాగాడు.

"కూర్చో, అబ్బాయ్. ఎప్పట్నుంచి ఇదంతా?"

"మూడో క్లాసు నుంచండీ" అన్నాడతను.

"మొదటి క్లాసు నుంచి" అందామె, అదే క్షణంలో.