న్యాన్ కొట్టిన దెబ్బ

తెల్లవారేసరికే న్యాన్ కొబ్బరిపాలు తీసి, బంకబియ్యం కడిగి పెట్టింది. ఊరి గుడిలో ఉత్సవం. ముప్పై ఏళ్లుగా గుడి వెనక వంటశాల ఆమెది, గుడి ముందు నాటకం మిగతా ఊరిది. ఆమెకు తెలిసిన నాటకమంతా డోలు మోతే. రెండో అంకం మోత వినిపిస్తే బాతుకూర దించాలి, అంతే!

ఆ డోలు ముందు కూర్చునే పెద్దమనిషి ఆమె భర్త ఖియెమ్. ఆట బాగుంటే డోలు మీద ఒక దెబ్బ వేస్తాడు, మరీ బాగుంటే మూడు. చెడిందంటే చెక్క అంచు మీద టక్కుమనిపిస్తాడు. ఆ టక్కు పడిన నటుడు మళ్లీ ఆ ఊళ్లో తలెత్తుకోలేడు.

ఖియెమ్ తలపాగా చుట్టుకుంటుంటే న్యాన్ అడగనే అడిగింది.

"ఇవాళ ఆడేది లువా వాళ్ల బృందమేనటగా?"

"అయితే?"

"అయితే ఏమిటయ్యా! నీ కూతురు."

"నా కూతురు నర్సు చదువుకని పడవెక్కింది. మూడేళ్లు నాతో అబద్ధమాడి మొహానికి రంగులు పూసుకున్నది నాకేమీ కాదు. ఒక్క తప్పు చేసిందా, అంచు మీద కొడతా. ఊరంతా వినాలి."

"చిన్నప్పుడు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ డోలు కొట్టిందెవరు? నేనా?"

ఖియెమ్ చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

మధ్యాహ్నం మొదటి మోత వినగానే న్యాన్‌కు చేతులాడలేదు. "హొవా, అన్నం కాస్త చూడవే" అని పక్కనున్న ఆమెకు అప్పగించి, తడి చేతులతోనే వెళ్లి భర్త పక్కన కూర్చుంది.

"ఇక్కడేం పని నీకు?"

"చూస్తాను."

తెర పక్కకు జరిగింది. ఎర్రటి మొహం, వీపున నాలుగు జెండాలు, తల మీద బారెడు ఈకలతో ఒక సేనాపతి వచ్చాడు. అతను పాదం మోపితే న్యాన్ గుండె అదిరింది. ఇన్నాళ్లూ గోడకవతల ఇంత లోకం ఉందా? కూతురిని వెతకాలన్న సంగతే మరిచిపోయి నోరు తెరుచుకుని చూసింది.

"ఎవరయ్యా ఆ సేనాపతి?"

ఖియెమ్ వేదిక మీంచి చూపు తిప్పలేదు. "నడక చూసి కూడా పోల్చుకోలేదూ? అది లువా."

చావు తప్పని యుద్ధానికి బయల్దేరుతూ సేనాపతి తల్లి ముందు మోకరిల్లి సెలవు అడిగాడు. పాట ఆగింది. డోలు పలికేదాకా నటి తలెత్తకూడదు. ఊరంతా ఖియెమ్ వైపు చూసింది. అతనెత్తిన డోలుకర్ర గాలిలోనే నిలిచిపోయింది, డోలు మీదికీ దిగదు, అంచు మీదికీ దిగదు.

బిడ్డ తల వంచుకుని అలాగే మోకాళ్ల మీద ఉంది. న్యాన్ ఓర్చుకోలేక కర్ర లాక్కుని, డోలు మీద ధన్‌మని ఒక్కటి వేసింది.

"అయ్యో, ఆ కర్ర ఇంకొకరు ముట్టుకోకూడదమ్మా!" అని పెద్దలు లేచారు.

లువా తలెత్తింది. తల్లిని అక్కడ చూసేసరికి ఎర్రరంగు మీద కన్నీళ్లు చారలు కట్టాయి.

ఖియెమ్ భార్య చేతిలోంచి కర్ర తీసుకున్నాడు.

"తెలియకపోతే అడగాలే. అలాంటిదానికి ఒక్కటి కాదు, మూడు" అంటూ, ఏడుస్తూనే మిగతా రెండూ కొట్టాడు.

వెనక నుంచి అన్నం మాడిన వాసన వచ్చింది. న్యాన్ తిరిగి చూసింది. అన్నం చూడమన్న హొవా స్తంభం పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

మాడితే మాడనీ అనుకుని న్యాన్ మళ్లీ వేదిక వైపు తిరిగింది.