పాఫోస్ నల్లరాయి

పోచయ్య శవం ఖాజాగూడ చెరువులో తేలింది. 1973, మే నెల. అతను గుట్టల మీది రాడార్ పరిశోధన కేంద్రంలో కాపలాదారు. ముందటి రాత్రి ఆ కేంద్రం నుంచి మైక్రోఫిల్మ్ పోయింది. గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన ఇంజనీరు విశ్వేశ్వరరావు కూడా మాయమయ్యాడు.

గూఢచారి విభాగం అధిపతి శ్రీనివాసరావు మధ్యాహ్నానికే కేసు తేల్చాడు. హోం శాఖ ఆఫీసరునని చెప్పుకుని, కేంద్రం గేటు దగ్గర ఊరివాళ్ల ముందు ప్రకటించాడు. పోచయ్య విదేశీ ముఠాకు తలుపు తీశాడు, తాగి చెరువులో పడ్డాడు, ఇంజనీరును ముఠా ఎత్తుకుపోయింది.

ఆ గుంపులో అదే విభాగం ఏజెంట్ లింగమూర్తి ఉన్నాడు. అతనిదీ ఖాజాగూడే. పోచయ్య భార్య సత్తెమ్మ అతని దగ్గరికి వచ్చింది.

"చెర్ల ఈదుకుంట పెరిగిన మనిషి. చుక్క ముట్టలే. మునిగి సచ్చిండంటే నువ్వు నమ్ముతవా?"

"నమ్మను వదినా."

"మరి గాయన అంటుంటె ఎందుకు నోరు మూసుకున్నవ్?"

లింగమూర్తి తల తిప్పి గేటు వైపు చూశాడు.

వారం తర్వాత శ్రీనివాసరావు అతన్ని పిలిపించాడు. ముఠా సైప్రస్ ద్వీపంలో ఉంది. కొనేవాడు శుక్రవారం సాయంత్రం పాఫోస్ రేవుకు పడవలో వస్తాడు. ఫిల్మ్ చేతులు మారకముందే పట్టుకోవాలి, ఇంజనీరును విడిపించాలి. అక్కడ మన మనిషి పేరు హెలీనా.

"కాపలావాడి గొడవ మళ్లీ ఎత్తొద్దయ్యా. అది క్లోజ్డ్ ఫైలు," అన్నాడు చివర్లో.

లింగమూర్తి శుక్రవారం పొద్దున టూరిస్టు వేషంలో నికోసియాలో దిగాడు. మెడలో కెమెరా. దాని ఫ్లాష్‌ను విభాగం వర్క్‌షాప్‌లో తయారుచేశారు. ఎదురుగా చూసినవాడికి కాసేపు కళ్లు కనిపించవు. విమానాశ్రయం బయట హెలీనా అతని చేతిలోని నిమ్మకాయలు ఎక్కడివని అడిగింది. నల్గొండవి అన్నాడు. కోడ్ సరిపోయింది. ఆమె కారు నడిపింది. ఆమె వేసుకున్న గౌను ధర అతని మూడు నెలల జీతం ఉంటుంది.

పాఫోస్ దారిలో ఒక పక్క సున్నపురాయి కొండలు, మరో పక్క సముద్రం. ఆమె కారు ఆపి గ్రీకుల ప్రేమదేవత పుట్టిన చోటు చూపించింది, ఫొటో తీసుకోమంది. కింద జనం ఈదుతున్నారు. ఇన్ని నీళ్లు చూస్తే పోచయ్య గట్టు మీద నిలబడేవాడు కాదు. లింగమూర్తి ఫొటో తీయలేదు.

దేవత గుడిలో మిగిలినవి గోడలు, స్తంభాల మొదళ్లు. ఒక బస్సు నిండా టూరిస్టులు తిరుగుతున్నారు. నీలం టోపీ పెట్టుకున్నవాడి దగ్గర ఫిల్మ్ ఉందని, వాణ్ని రేవు దాకా వెంబడించమని హెలీనా చెప్పింది. నీలం టోపీ టాక్సీ వైపు నడిచాడు. ఆమె తొందర పెట్టింది.

లింగమూర్తి కదలలేదు. పక్కన ఒక చిన్న గది ఉంది. ఆ దేవతకు విగ్రహం లేదు. లోపల నల్లరాయి ఉంది, నడుమెత్తు, పైకి పోయేకొద్దీ సన్నం. దాన్నే కొలిచేవారట. టూరిస్టులు బూట్లతోనే లోపలికి వెళ్లి వస్తున్నారు. గుమ్మం పక్కన మాత్రం ఒక జత బూట్లు విడిచి ఉన్నాయి.

ఆ రాయి ముందు బూట్లు విడిచేవాడు ఈ ద్వీపంవాడు కాదు. శివాలయాలకు తిరిగిన గోదావరి ఒడ్డువాడు.

ఒట్టి కాళ్లతో ఎవడూ దూరం పారిపోలేడు. లింగమూర్తి తన చెప్పులు విడిచి ఆ బూట్లు తొడుక్కున్నాడు. లోపల ఒక అరబ్బు వ్యాపారి, గడ్డం, నల్ల కళ్లద్దాలు, ఒట్టి కాళ్లు. చుట్టూ కాపలా ఎవరూ లేరు.

"విశ్వేశ్వరరావు గారూ, మిమ్మల్ని ఎత్తుకొచ్చినోళ్లు ఏరి?"

ఆయన నల్ల కళ్లద్దాలు తీశాడు.

"పోచయ్యను ఎవరు ముంచిండ్రు?"

"నేను కాదండీ. నేను తలుపు తీశానంతే. అతను టార్చి వేసి నా మొహం చూశాడు. వాళ్లు పట్టుకుపోయారు. వద్దనే చెప్పానండీ."

"ఎంత గట్టిగ చెప్పినవ్?"

ఆయన తల దించాడు. గుమ్మంలో హెలీనా నిలబడింది, చేతిలో పిస్టల్. జీతం విభాగం దగ్గరా తీసుకుంది, ముఠా దగ్గరా తీసుకుంది. నీలం టోపీ వట్టి ఎర. ఫిల్మ్ ఇమ్మని ఇంజనీరును అడిగింది. బయట విడిచిన బూటు మడమలో ఉందని ఆయన చెప్పాడు. దూరంగా రేవులో పడవ కూత వేసింది. ఆమె తల తిప్పి చూసింది. గుమ్మం పక్కన ఉన్నవి హైదరాబాద్ చెప్పులు.

ఆమె చూపు మళ్లీ లోపలికి తిరిగేసరికి ఫ్లాష్ వెలిగింది. తూటా గోడకు తగిలింది. లింగమూర్తి పిస్టల్ లాక్కున్నాడు. చప్పుడు విని వచ్చిన పోలీసులు ఆమెను తీసుకుపోయారు. కొనేవాడి పడవ ఖాళీగా వెళ్లిపోయింది. బూట్లు బిగువుగా ఉన్నా లింగమూర్తి హైదరాబాద్ దాకా విప్పలేదు.

ఇంజనీరును రహస్యంగా ఢిల్లీ పంపారు. శ్రీనివాసరావు లింగమూర్తిని మెచ్చుకున్నాడు. ఒక సైంటిస్టే ద్రోహి అని తెలిస్తే ప్రభుత్వం పరువు పోతుందన్నాడు.

"కాపలావాడి పేరు అలాగే ఉండనివ్వవయ్యా. పోయినవాడే కదా."

లింగమూర్తి బూట్లు విప్పి బల్ల మీద పెట్టాడు. మడమ ఖాళీ.

"ఫిల్మ్ ఏదయ్యా?"

"భద్రంగ ఉన్నది సార్. ఖాజాగూడ గేటు కాడ ఇస్త. అన్న మాట మీరు వాపసు తీసుకున్నంక."

అరెస్టు చేయిస్తానన్నాడు శ్రీనివాసరావు. చేయించుకోమన్నాడు లింగమూర్తి.

మర్నాడు గేటు దగ్గర ఊరంతా చేరింది. శ్రీనివాసరావు టైపు చేసిన కాగితం గుమాస్తాకు ఇచ్చి చదవమన్నాడు. సత్తెమ్మ అడ్డం వచ్చింది.

"తాగుబోతని నీ నోటితోనే అన్నవ్ గద సారూ. గిది గూడ నీ నోటితోనే అను."

శ్రీనివాసరావు లింగమూర్తి వైపు చూశాడు. లింగమూర్తి జేబులోంచి చెయ్యి తీయలేదు. శ్రీనివాసరావు గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

గూఢచారి విభాగం అధిపతి నలుగురిలో నిజం చెప్పడం అదే మొదటిసారి.