నల్ల తెరలో లేని రోజు

రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులో ఇత్తడి సామాన్ల కొట్టు ఉన్న ఉదయభాస్కర్ ఇంట్లో పొద్దున్నే మొదట లేచేది అతని తల్లి అచ్చాయమ్మ. తర్వాత లేచేది కోడలు హారతి. ఆవిడతో పాటు లేచేది ఆవిడ లాప్‌టాప్.

హారతి ఇంట్లోంచే ఒక కంప్యూటర్ కంపెనీకి పనిచేస్తుంది. కాఫీ డికాక్షన్ దిగేలోపు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి, బొమ్మా రంగూ లేని ఒక నల్ల తెర మీద మూడే మూడు అక్షరాలు కొడుతుంది. వెంటనే తెల్లటి అక్షరాల్లో ఆ రోజు సంగతులన్నీ వరసగా పడతాయి. గ్యాస్ బుక్ చెయ్యాలి. అత్తయ్య గారి బీపీ మాత్రలు ఎల్లుండికి అయిపోతాయి. స్కూలు తెరిచేలోపు టైలర్ దగ్గర్నుంచి బిడ్డ ప్రసన్న యూనిఫాం తేవాలి.

"ఈ కాలంలో కూడా రైల్వే బుకింగ్ కౌంటర్లో తెరలాగా ఇదేంటి హారతీ? ఫోన్లో ఇంచక్కా క్యాలెండర్ ఉంది కదా" అంటాడు భాస్కర్.

"ఫోన్ గంట కొడుతుంది, కంగారు పెడుతుంది, మధ్యలో చీరల సేల్ ఉందని కూడా చెబుతుంది. ఇది నేను చెప్పమన్నది చెప్పి ఊరుకుంటుందండి."

నిజంగానే అది అంతటి బుద్ధిమంతురాలు. తేదీ, ఎన్ని రోజుల ముందు గుర్తుచెయ్యాలో ఒక అంకె, చెప్పాల్సిన మాట, ఈ మూడూ ఒక్క వరసలో రాసి పెడితే చాలు. చెప్పిన రోజున చెప్పినట్టు గుర్తుచేస్తుంది. అది చేరాక ఈ ఇంట్లో కరెంటు బిల్లు ఆలస్యం కాలేదు, ఎవరి పుట్టినరోజూ మర్నాడు గుర్తుకురాలేదు. బంధువుల్లో హారతికి మంచి జ్ఞాపకశక్తి అని పేరొచ్చింది. ఎవరైనా ఆ మాటంటే ఆవిడ నవ్వి, "నాది కాదండి, దానిది" అని ఆ పేరు కాస్తా ఆ నల్ల తెరకే ఇచ్చేసేది.

అయితే దానికి తిథులు తెలీవు. అందుకని ఉగాది వెళ్ళిన మర్నాడు హారతి పంచాంగం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన అచ్చాయమ్మ కాళ్ళు చాపుకుని, మామగారి తద్దినం, ఆయన తల్లిదీ తండ్రిదీ, నోములూ వ్రతాలూ, అన్నీ తడుముకోకుండా చెప్పుకుపోయింది. హారతి ప్రతి తిథికీ తేదీ వెతికి ఒక్కో వరసా రాసుకుంది.

"నేనుండగా ఈ మిషన్ ఎందుకే నీకు?" అని అచ్చాయమ్మ నవ్వింది.

నవ్వింది గానీ, ఒక రోజు మాత్రం చెప్పలేదు.

అది ఆవిడ పెద్ద కూతురు పోయిన రోజు. భాస్కర్ పుట్టకముందే, నాలుగేళ్ళు నిండీ నిండకుండానే జ్వరమొచ్చి పోయింది ఆ పిల్ల. అంత చిన్నపిల్లకి తద్దినాలు ఉండవు. ఇంట్లో ఫొటో కూడా లేదు. ఆ పిల్ల పోయిన రోజు గుర్తున్న వాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోగా, ఇప్పుడు ఆ రోజు ఒక్క అచ్చాయమ్మ మనసులోనే ఉంది. ఇన్నేళ్ళూ ఏ క్యాలెండరూ అక్కర్లేకుండా ఆ రోజు దానంతట అదే వచ్చి ఆవిడ పక్కన కూర్చునేది.

కానీ మొన్న మాఘమాసంలో రాలేదు. శివరాత్రికి పట్టిసీమ వెళ్ళి, వీరభద్రుడి గుడికి పడవలో గోదారి దాటుతుంటే ఎదుట ఎవరి ఒళ్ళోనో ఒక పాప కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు ఎప్పుడో వెళ్ళిపోయిందని. పడవలో అందరూ శివశివా అంటుంటే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తను మర్చిపోతే ఇక ఈ లోకంలో ఆ పిల్ల పుట్టలేదన్నట్టే. ఆ భయం అప్పట్నుంచీ ఆవిడ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. కోడలికి చెబితే రాసి పెడుతుందని తెలుసు. కానీ తిథులకి నేనున్నానని నవ్విన నోటితో ఎలా అడుగుతుంది?

జ్యేష్ఠం వచ్చింది. ఎండలు మాడ్చేస్తున్నాయి. ఒకరోజు పొద్దున్న కాఫీ తాగుతూ అచ్చాయమ్మ, "ఒరేయ్ భాస్కరం, ఎల్లుండి బహుళ దశమి. మీ నాన్న తద్దినం. పంతులు గారికి కబురు చెప్పు. మొగల్తూరు ఫోన్ చేసి మీ బాబాయిని రమ్మను" అంది.

హారతి గరిట పక్కనపెట్టి తెర వంక చూసింది. మూడు రోజుల ముందు నుంచీ రోజూ చెప్పమని రాసిన మాట అక్కడ లేదు. మళ్ళీ కొట్టింది. లేదు. తను రాసుకున్న వరస తెరిచి చూస్తే, మామగారి తద్దినం వచ్చే నెలలో ఉంది. పంచాంగం తీసింది. ఇది అధిక జ్యేష్ఠం, ఈ ఏడు రెండుసార్లు వచ్చే జ్యేష్ఠంలో మొదటిది. అధిక మాసంలో ఈ ఇంట్లో తద్దినం పెట్టరు, నిజ మాసంలోనే పెడతారు. ఆ మాట ఉగాది మర్నాడు నొక్కి చెప్పి రాయించింది అచ్చాయమ్మే.

భాస్కర్ కొట్టుకి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర మెల్లిగా చెప్పింది. అతను చెప్పులు వేసుకుంటూ, "అమ్మకి తిథుల్లో పొరపాటా? నువ్వే ఏదో తప్పు కొట్టి ఉంటావు" అన్నాడు.

"పంచాంగం కూడా చూశానండి."

"అయితే ఇంకోసారి చూడు. అమ్మ దగ్గర మాత్రం ఎత్తకు, నొచ్చుకుంటుంది." అంతే, బండి స్టార్ట్ చేసేశాడు. కొట్టుకి వెళ్ళాక పంతులు గారింటికి ఫోన్ చేస్తే ఆయన భార్య తీసింది. ఎల్లుండి పొద్దున్నే రమ్మనండి అని మాత్రం చెప్పి పెట్టేశాడు. ఏటా వచ్చే మనిషికి ఎందుకో వేరే చెప్పాలా అనుకున్నాడు.

హారతి ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు నోరు తెరిచిందో, అన్నిసార్లూ మూసుకుంది. అత్తగారు అరటికాయలూ కందా ఏరి తెప్పిస్తుంటే, మడి బట్టలు ఆరేస్తుంటే, ఆ ఉత్సాహం చెడగొట్టలేకపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లవారకుండానే అచ్చాయమ్మ మరిది వెంకటరత్నం సంచీ నిండా కూరలతో దిగాడు. హాల్లో స్వయంపాకం సర్దారు. విస్తట్లో బియ్యం, పప్పు, కూరలు, నెయ్యి, పెరుగు. పంతులు గారు కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"ఏంటమ్మా విశేషం? రమ్మన్నారని మా ఆవిడ చెప్పింది గానీ, ఎందుకో చెప్పలేదు."

"దర్భలు తెచ్చారా బాబూ?" అంది అచ్చాయమ్మ.

"దర్భలా? అధికంలో దర్భలతో పనేముందమ్మా?"

అధికం అన్న మాట చెవిన పడగానే అచ్చాయమ్మ ముఖం పాలిపోయింది. చేతిలో రాగి చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. భాస్కర్ తల దించుకున్నాడు. అప్పుడు హారతి ముందుకొచ్చింది.

"దర్భలు కాదండి, అలవాటు మాట. అధిక మాసం కదా, మామగారి పేరున స్వయంపాకం దానం ఇవ్వాలని అత్తయ్య గారు అనుకున్నారు. అందుకే రమ్మన్నాం."

పంతులు గారి ముఖం వెలిగిపోయింది. "ఎంత మంచి ఆలోచనమ్మా! అధిక మాసంలో దానానికి ఎంతో ఫలం. ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరికి గుర్తుంటున్నాయి?" అని మనస్ఫూర్తిగా ఆశీర్వదించి, దానం పట్టుకుని వెళ్ళారు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి వెంకటరత్నం పకపకా నవ్వాడు. "ఆయ్! తిథులన్నీ నాలిక మీద ఉండే వదిన గారు కూడా అధికంలో పడ్డారండీ! పోన్లెండి, నాకు వచ్చే నెల కూడా భోజనం ఖాయం."

ఆయన నవ్వులో విషం లేదు. కానీ భాస్కర్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషం తిన్నగా పెళ్ళాం మీదకి తిరిగింది. "తెలిసినదానివి గట్టిగా చెప్పొద్దా? ఏదో గొణిగి ఊరుకుంటే ఎలా?"

"ఎవరికి తెలుసు?" అచ్చాయమ్మ కొడుకు వైపు తిరిగింది. "ముందే తెలుసా మీకు?"

భాస్కర్ హారతి వంక చూశాడు.

"నిన్నే అమ్మాయ్, నీకు తెలుసా?"

"తెలుసండి. మీరు నొచ్చుకుంటారని..."

"నొచ్చుకుంటానని నన్ను పంతులు గారి ముందు అలా నిలబెట్టారా? పైగా అబద్ధమాడి కాపాడావు. నేనేమైనా పసిపిల్లనా? తప్పు చేస్తే నా ముఖాన చెప్పలేరా?" ఆవిడ చెంబు ఠంగుమని కింద పెట్టింది. "నీ డబ్బాలోంచి మా వాళ్ళ తిథులన్నీ తీసెయ్యి. నా మనుషులు నాకు గుర్తున్నన్నాళ్ళే ఉంటారు. గుర్తులేని రోజున పోతారు!"

ఆ చివరి మాట అంటూనే ఆవిడ నోరు నొక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. భాస్కర్‌కి అది కోపంలా వినిపించింది. హారతికి మాత్రం ఆ గొంతులో కోపం వినపడలేదు, భయం వినపడింది. ఇంత చిన్న పొరపాటుకి అంత భయం ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. తిథులు తీసెయ్యలేదు. ఎదురు మాటా అనలేదు. వండినవన్నీ వడ్డించి, వెంకటరత్నం గారిని బస్సుకి పంపించి, పనిలో కూర్చుంది.

మధ్యాహ్నం కుర్చీ వెనక అలికిడయింది. అచ్చాయమ్మ.

"నీ మిషన్‌కి కోపం వస్తుందా అమ్మాయ్?"

"దానికెందుకొస్తుందండీ?"

"నవ్వాను కదా దాన్ని చూసి." ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. "పొద్దున్న నువ్వు నా పరువు నిలబెట్టావు. నేను నిన్ను తిట్టిపోశాను. నీ మీద కోపం కాదే. ఆయన తద్దినమే ఇవాళ తప్పు మాసంలో పెట్టబోయాను. ఇక నా దగ్గర ఏది నిలుస్తుంది?"

హారతి ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. అచ్చాయమ్మ ఆ నల్ల తెర వంక చూసింది. ఉగాది మర్నాడు ఇక్కడే కూర్చుని మింగేసిన మాట ఇప్పుడు గొంతులోకి వచ్చింది.

"ఒక రోజు చెబుతాను. రాసిపెడతావా?"

"చెప్పండి."

"అంతర్వేది రథం మర్నాడు."

హారతి పంచాంగం తీసి మాఘమాసం దాకా తిప్పింది. అంతర్వేదిలో రథం లాగే భీష్మ ఏకాదశి వెతికి, దాని మర్నాటి తేదీ కొట్టింది. "ఏమని రాయమంటారు?"

"సత్యవేణి."

"ఎవరండీ ఆవిడ?"

"నా కూతురు."

హారతి వేళ్ళు ఆగిపోయాయి. ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్ళయింది, ఎవరికి ఏ పచ్చడి ఇష్టమో తెలుసు, ఈ పేరు మాత్రం ఇప్పుడే వింటోంది. అడిగితే ఎక్కడ ఆగిపోతుందోనని అడగలేదు. అచ్చాయమ్మే చెప్పింది. "అన్నవరం స్వామికి మొక్కుకుంటే పుట్టింది. మొన్న మాఘంలో దాని రోజు మర్చిపోయానమ్మా. కన్నతల్లిని, మర్చిపోయాను. నేనే మర్చిపోతే ఇంకెవరున్నారు దానికి?" ఇన్నాళ్ళు ఆపుకున్నదంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. హారతి లేచి అత్తగారి తల గుండెకి హత్తుకుంది. తన కన్నీళ్ళు ఆవిడ నెరిసిన జుట్టు మీద పడుతున్నాయని కూడా చూసుకోలేదు.

కాసేపటికి తేరుకుని, "ఎన్ని రోజుల ముందు గుర్తుచెయ్యమంటారు?" అంది.

"రెండు రోజుల ముందు చెప్పమను. రేగిపళ్ళు కొనాలి. వీధిలో కనపడ్డ ఆడపిల్లకి ఇస్తుంటాను. దానికి ప్రాణం అవి." కళ్ళు తుడుచుకుంది. "ఇది ప్రతి ఏడూ చెబుతుందా?"

హారతికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తిథి కదండీ, తేదీ మారిపోతుంది. ప్రతి ఉగాదికీ ఎవరో ఒకరు కూర్చుని కొత్తగా రాయాలి. నేను రాస్తాను. ప్రసన్నకి కూడా నేర్పిస్తాను, వాళ్ళ మేనత్త కదా."

మేనత్త అన్న మాటకి అచ్చాయమ్మ చటుక్కున తలెత్తింది. పుట్టిన నాలుగేళ్ళకే పోయిన పిల్లకి ఈ ఇంట్లో ఒక వరస దొరికింది.

అప్పుడు చూశారు ఇద్దరూ, గుమ్మంలో భాస్కర్ నిలబడి ఉన్నాడు. పొద్దున్న అన్న మాటలకి కొట్లో మనసు నిలవక, సర్ది చెప్పుకుందామని వచ్చాడు. తన ముందు ఒక పిల్ల పుట్టి పోయిందని చిన్నప్పుడెప్పుడో విన్నాడు. పేరు మాత్రం ఇప్పుడే విన్నాడు. హారతి వంక చూసి, "నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది" అన్నాడు. ఆ తర్వాత తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, మోకాలి మీద తల ఆనించాడు.

"అమ్మా, అక్క ఎలా ఉండేది?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడని ఎవరూ అడగలేదు. అచ్చాయమ్మ కొడుకు జుట్టులో వేళ్ళు పోనిచ్చింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఆ పిల్ల ఎడమ బుగ్గ మీద సొట్ట, గచ్చు మీద గునగునా నడిచే నడక, నాన్న కొట్లో పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చి అవి పడిపోతే తనే చప్పట్లు కొట్టడం, గోదారి చూస్తే భయమేసి తల్లి మెడ కరుచుకోవడం, జ్వరంలో కూడా రేగిపళ్ళు అడగడం, అన్నీ చెప్పింది. ఒక్కటీ మర్చిపోలేదు.