నాలుగు మిల్లీమీటర్లు

ఆదివారం పొద్దున ఎనిమిదైనా భోజనాల బల్ల మీద కంచం పెట్టడానికి చోటు లేదు. ఐదు విమానాల ఫస్ట్ క్లాస్ సీట్ల కొలతలు, మూడు విమానాశ్రయ లాంజ్‌ల ఫొటోలు, ఒక లాప్‌టాప్, ఒక ఉక్కు టేపు బల్లంతా ఆక్రమించుకున్నాయి. వాటి మధ్య కూర్చుని కూతురు మార్కులు వేస్తోంది. ఆమె ఉద్యోగమే అది. ఒక ప్రయాణాల వెబ్‌సైటు వాళ్లు ఆమెను విమానాలెక్కిస్తారు. ఆమె ఖరీదైన సీట్లలో కూర్చుని, పడుకుని, అన్నీ కొలిచి, దేనికన్నా ఏది మెరుగో రాస్తుంది. చెబితే ఎవరూ ఉద్యోగమని నమ్మరు.

"ఈ లాంజ్‌లో స్నానానికి నలభై నిమిషాలు నిలబెట్టారమ్మా. రెండోదాంట్లో క్యూ లేదు కానీ సూప్ చల్లారిపోయింది. దేనికి ఎక్కువ వెయ్యాలంటావ్?"

"మనింట్లో క్యూ లేదు, సూపూ లేదు. మనకెన్ని వేస్తావో చెప్పు ముందు," అంది తల్లి బఠాణీలు ఒలుస్తూ. "ఆ బల్ల ఖాళీ చేస్తే ఇంకో రెండు మార్కులు నేను నీకు వేస్తాను."

తండ్రి నవ్వలేదు. కిటికీ దగ్గర నిలబడి పేపరు తిరగేస్తున్నాడు. ఆయన విమానం సీట్లకు తోలు తొడుగులు కుట్టే కార్ఖానాలో ముప్పై ఒక్కేళ్లుగా మిషను మీద ఉన్నాడు. అక్కడ సీట్లకు నంబర్లే తప్ప పేర్లుండవు. ఏ నంబరు ఏ విమానంలోకి పోతుందో కుట్టేవాళ్లకు చెప్పరు. అందుకే తండ్రి కుట్టిన సీటులో కూతురు పడుకుని వచ్చినా ఇంట్లో ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

"పోయిన వారం నువ్వు ఆఖరి స్థానంలో పెట్టావే, ఆ సీటు," అన్నాడాయన పేపరు మడుస్తూ. "అది నేను కుట్టింది."

తల్లి బఠాణీల గిన్నె పక్కన పెట్టింది.

"ఆ విమానం వాళ్లు నువ్వు రాసింది మా కార్ఖానాకి పంపారు. నిన్న ఫోర్‌మన్ పిలిచి చూపించాడు, ఆ సీటు నంబరు నా మిషను మీద కుట్టిందేనట. రేపు తొడుగు విప్పి లోపలి చీటీ చూస్తారు. దాని మీద నా నంబరే ఉంటుంది. మిషను మీంచి లేపి గోడౌన్‌లో కూర్చోబెడతారు. నువ్వు ఇవాళ ఆ ముక్క తీసేస్తే, మిగతాది సర్దుతానన్నాడు ఫోర్‌మన్."

ఆ ముక్క ఏమిటో కూతురికి గుర్తుంది. రాసినప్పుడు చాలా ముచ్చటపడింది కూడా. "ఇంత గొప్ప క్యాబిన్‌లో సీటు మాత్రం ఎవరో కళ్లు మూసుకుని కుట్టినట్టుంది."

"నాన్న పని మీద ఆ మాట ఎలా వచ్చిందే నీకు?" అంది తల్లి.

"నాన్నదని నాకేం తెలుసమ్మా!"

"తెలిస్తే రాయకుండా ఉండేదానివా?"

"రాసేదాన్నే," అంది కూతురు. "ఆ వెటకారం రాసేదాన్ని కాదు, అంతే. ఎడమపక్క కుట్టు నాలుగు మిల్లీమీటర్లు పక్కకి పోయింది నాన్నా. ముడి సరిగ్గా నడుము కిందకొస్తోంది. ఎవరో అడిగారని కొలతలు తీసేస్తే నా మార్కులు ఎవరు నమ్ముతారు?"

"ఎవరో కాదు. నేనడుగుతున్నా," తండ్రి గొంతు పెరిగింది. "టేపు పట్టుకోవడం నేర్పిందే నేను. నా కుట్టు నాలుగు కాదు, అర మిల్లీమీటరు కూడా పోదు. రాయడానికి ఏమీ దొరక్క రాశావు!"

మాటకి మాట పెరిగింది. నువ్వు గాల్లో తిరిగి కింద ఉన్నవాళ్లని చూడటం మానేశావని ఆయన, తప్పు చూపిస్తే ఒప్పుకోవడం ఈ ఇంట్లో ఎవరికీ చేతకాదని ఆమె. ఇద్దరిదీ ఒకే మొండితనం కాబట్టి మధ్యలో తల్లి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. చివరికి కూతురు లాప్‌టాప్‌లో ఫొటో తెరిచి, పెద్దది చేసి, విసురుగా ఆయన చేతిలో పెట్టింది.

"చూడు. నువ్వే చూసి చెప్పు."

ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా జరిపాడు. చాలాసేపు చూశాడు.

"ఏముంది ఇందులో? తిన్నగానే ఉందిగా," అన్నాడు.

తల్లి వచ్చి ఆయన భుజం మీంచి తొంగిచూసింది. తోలు మీద తెల్లదారం పాములా పక్కకి వెళ్లిపోవడం ఆమెకు రెండడుగుల దూరం నుంచే కనబడింది. కూతురి వైపు చూసింది. కూతురి కోపం ఎక్కడిదక్కడే చల్లారింది.

"నాన్నా, ఒక్కో కన్ను మూసుకుని చూడు," అంది మెల్లగా.

ఒకటి మూసి, తర్వాత రెండోది మూసి చూశాడు. "రెండింటికీ మబ్బుగానే ఉంది. ఈ బల్బు..." అనబోయి ఆగాడు. బల్బు వెలగడం లేదు. కిటికీ నిండా ఎండ ఉంది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "కార్ఖానాలో లైట్లు మార్చారనుకున్నా. ఏడాది అవుతోంది. వేళ్లతో తడిమి కుట్టేస్తున్నా. వేళ్లకి తెలుసులే అనుకున్నా."

"శుక్లం అయ్యుంటుంది. తీసేస్తే పోతుంది, ఏం కాదు," అంటూ తల్లి ఆయన వీపు నిమిరింది. ఆ మాటలో ధైర్యం కొంతే ఉంది. కూతురికి మాత్రం ఏడుపు ఆగలేదు. కొలవడానికి దేశాలన్నీ తిరిగింది కానీ, ఇంట్లో మనిషి ఏడాదిగా కిటికీ దగ్గరే నిలబడి పేపరు చదువుతుంటే ఎందుకని ఒక్కసారీ అడగలేదు. కళ్లు తుడుచుకుని లాప్‌టాప్ ముందుకు లాక్కుంది.

"మొత్తం తీసేస్తున్నా నాన్నా."

"వద్దు," ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వెటకారం తీసేయ్. కొలత ఉండనీ. తప్పు జరిగింది కదా. రేపు చీటీ వాళ్లు చూడకముందే నేనే వెళ్లి చెబుతా. కళ్లు బాగుచేయించుకుని వస్తా, అప్పటిదాకా మిషను ఉంచండని అడుగుతా. ఉంచితే ఉంచుతారు."

"నేనూ వస్తా నీతో."

"రా," అన్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగనిది అడిగాడు. "నేనెప్పుడూ ఎక్కలేదు కదా. అందులో పడుకుంటే ఎలా ఉంటుందే?"

"నిద్రపట్టింది నాన్నా. ఐదు గంటలు. మెలకువే రాలేదు."

"ముడి గుచ్చుకున్నా?"

"గుచ్చుకున్నా. ఆ జాబితాలోని మిగతా నాలుగు సీట్లలో రెండు గంటలు కూడా పడుకోలేదు నేను."

"మరదెందుకు రాయలేదు?"

కూతురు తన మార్కుల పట్టిక వైపు చూసింది. పొడవు, వెడల్పు, కుట్టు, దిండు, చప్పుడు, దీపం. పదహారు గడులున్నాయి.

"దానికి గడి లేదు నాన్నా," అంది.

"ఒకటి పెట్టు," అన్నాడాయన.