ఎడమా... కుడా...?

ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల చివర ఉన్న ఎక్స్‌రే గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్లమంటే ఆయాలకి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. మిషను పక్కన ఎవరో నిలబడి, "ఎడమా... కుడా...?" అని గుసగుసగా అడుగుతారట. ఇదంతా వాళ్లలో పెద్ద ఆయా చెప్పగా విన్నదే. గోరంతని కొండంత చేసే మనిషే గానీ, ఇప్పుడు చెప్పబోయే రాత్రి ఆవిడ ఆ గది గుమ్మంలోనే ఉంది.

అడిగేది సీసం బాబాయ్ అని వాళ్ల నమ్మకం. ముప్పై ఏళ్లు ఆ గదిలో ఎక్స్‌రేలు తీసిన మనిషి. ఫిల్ము మీద ఏది ఎడమో ఏది కుడో తెలియడానికి పక్కన ఒక సీసం అక్షరం పెట్టి తీస్తారు. ఎడమకి ఎల్, కుడికి ఆర్. ఒకే ఒక్కసారి ఆయన అది మరిచిపోయాడు. ఫిల్ముని తిరగేసి చూశారు... రోగి ఛాతీలో చేరిన గాలిని తీసే సూది బాగున్న ఊపిరితిత్తిలో దిగింది. మనిషి దక్కలేదు.

అప్పట్నుంచి వచ్చిన ప్రతివాళ్లనీ, "ఎడమా, కుడా?" అని పైకే అడిగేవాడు. మళ్లీ మరిచిపోకుండా ఆ ఎల్ ముక్కని పళ్ల మధ్య పట్టుకునేవాడు. "అది సీసం నాన్నా, విషం!" అని కూతురు మొత్తుకున్నా వింటేగా!

మూడు నెలల క్రితం ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఇప్పుడా కుర్చీలో ఆయన కూతురు కూర్చుంటోంది. తండ్రి పోయిన రోజు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. తింటోంది, పడుకుంటోంది, డ్యూటీకి వస్తోంది, అంతే. దెయ్యం సంగతి చెబితే, "భయపడటానికీ ఓపిక ఉండాలి కదా పిన్నీ," అంది ఆయాతో.

ఆ రాత్రి ఒంటిగంటకి ఒక లారీ డ్రైవర్ని మోసుకొచ్చారు. వెంటే డ్యూటీ డాక్టరు. ఛాతీకి దెబ్బ. ఊపిరి అందట్లేదు, పెదాలు నీలం తిరిగాయి. ఒక ఊపిరితిత్తి కుంగిపోయింది — ఏ వైపుదో తేలితే గానీ సూది గుచ్చలేరు.

కూతురు గబగబా అతన్ని మిషను ముందు సర్ది, మీట దగ్గరికి వచ్చింది. వెనక నుంచి వినిపించింది...

"ఎడమా... కుడా...?"

డాక్టరు అడిగాడనుకుంది. "తీశాక తెలుస్తుంది సార్," అని మీట నొక్కేసింది.

ఫిల్ము కడిగి తెస్తుంటే చెయ్యి జేబుకి తగిలింది. ఎల్, ఆర్ — రెండూ జేబులోనే ఉన్నాయి. పెట్టలేదు. తండ్రి చేసిన తప్పే చేసింది!

నోరు తెరిచేలోగా డాక్టరు ఫిల్ము లాక్కుని లైటు పెట్టెకి తగిలించాడు. గుండె నీడ ఎడమకి వచ్చేలా తిప్పి పెట్టాడు. గుండె ఉండేది ఎడమనేగా! "కుడి ఊపిరితిత్తి," అంటూ సూది అందుకున్నాడు.

అప్పుడు చూసిందామె... ఫిల్ము మూలన తెల్లటి అక్షరం. అద్దంలో కనిపించినట్టు, తిరగబడిన ఎల్.

"ఆగండి సార్!"

ఫిల్ముని తిప్పి పెట్టింది. ఎల్ సరిగ్గా నిలబడింది. గుండె మాత్రం కుడివైపుకి వెళ్లిపోయింది.

డాక్టరు డ్రైవరు ఛాతీ మీద, కుడివైపు, స్టెతస్కోపు ఆనించాడు. గుండె అక్కడే కొట్టుకుంటోంది. "పుట్టుకతోనే ఇటుంది..." అన్నాడు. సూది ఎడమవైపు దిగింది. బుస్సుమని గాలి బయటికొచ్చింది. కాసేపటికి పెదాలకి రంగు వచ్చింది.

"గుర్తు పెట్టి బతికించావమ్మా," అని డాక్టరు మనిషిని పైకి తీసుకెళ్లాడు.

ఆమె ఫిల్ము దగ్గరికి జరిగింది. ఎల్ కింది గీత మీద... చిన్న గాటు. పన్ను దిగిన గాటు.

ఆ గాటున్న పాత ముక్కని తండ్రిని సాగనంపేటప్పుడు ఆయన చొక్కా జేబులో పెట్టింది తనే. అది ఆయనతోనే వెళ్లిపోయింది.

గుమ్మంలో ఆయా కొయ్యబారిపోయింది. ఆమె మాత్రం మెల్లగా ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. మూడు నెలలుగా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పాను నాన్నా... అది నోట్లో పెట్టుకోకని!"