అంకాలమ్మ ఆపిన కరెంటు

కంప్యూటర్ గది అద్దాలు తుడవాలి. మిషన్ల మీది గుడ్డ తొడుగులు ఉతికి ఇస్త్రీ చేయించాలి. చెప్పులు విడిచేచోట కొత్త పట్టా పరచాలి. గుమ్మానికి మామిడాకులు కట్టాలి. రిబ్బనుకు కత్తెర, పళ్లెంలో కుంకుమ... ఇవన్నీ అయ్యాక ఎవరి కంటా పడకుండా వెనక వరండాలో నిలబడాలి. విధవ ఎదురు రాకూడదని శాఖాధిపతి నరసింహయ్య సారు మరీ మరీ చెప్పారు.

ప్రొద్దుటూరు పొలిమేరలోని ఆ విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ సైన్స్ శాఖకు అంకాలమ్మ ఆయా. కొత్త ల్యాబు ప్రారంభించడానికి వస్తున్న నాయకుడు రామమోహన్. జమ్మలమడుగు గొర్రెల సంతలో, పట్టపగలు, ఆమె కళ్లెదుటే ఆమె భర్త గంగులయ్యను నరికించినవాడు! ఎన్నికల్లో ఎదుటి పార్టీకి పోలింగు ఏజెంటుగా కూర్చోవడమే గంగులయ్య చేసిన నేరం. తర్వాత నాయకులిద్దరూ రాజీ పడి ఒకే పార్టీలో చేరారు. ఆ సీమలో రాజీ అంటే, చచ్చినవాడి పెండ్లాం కోర్టులో "నేను చూడలేదు" అని చెప్పడం. చెప్పకపోతే కూతురు బడి నుంచి ఇంటికి రాదన్నారు. చెప్పింది... నోరు మూసుకున్నందుకు ఈ పని పడేశారు.

ఆ బెదిరింపు సంగతి కూతురు సుగుణకు తెలియదు. తెలిస్తే ఊరుకునే పిల్ల కాదని తల్లే దాచింది. నాయన చావును అమ్మి అమ్మ ఉద్యోగం కొనుక్కుందనే ఆ పిల్ల నమ్మకం. బాగా చదివి అదే శాఖలో ఎంసీఏలో చేరాక, కన్నతల్లిని అందరిలాగే "ఆయమ్మా" అని పిలిచేది. తల్లి తెచ్చిన సంగటి ముట్టేది కాదు.

అతిథికి శాఖను పరిచయం చేసే ప్రసంగం సుగుణదే. ముందురోజు ఖాళీ ల్యాబులో అప్పజెప్పుకుంటోంది. ఎన్ని మిషన్లున్నాయో, ఏమేం నేర్పుతారో, చదివినవాళ్లు ఎక్కడెక్కడ ఉద్యోగాల్లో చేరారో... అంతా ఇంగ్లీషే. నేల తుడుస్తున్న అంకాలమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివర్లో రెండు పేర్లు మాత్రం అర్థమయ్యాయి. గంగులయ్య... రామమోహన్.

"ఆ పేర్లు ఈడ యాలెత్తుతాండావు మా?"

"కోర్టులో నువ్వు మింగిన మాట రేపు మైకులో నేను చెప్తా ఆయమ్మా."

"నిన్ను బతకనీరు..."

"నీ మాదిరి బతికేదానికంటే అదే మేలు."

అసలు సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే పిల్ల ఇంకా రగిలిపోతుందని ఆ మాటనూ మింగేసింది ఆ తల్లి.

మరునాడు రామమోహన్ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. వెంట వచ్చిన మనుషులు విడవలేదు. సుగుణ శాఖ గొప్పలన్నీ చెప్పింది. సార్లు చప్పట్లు కొట్టారు. అప్పుడు కాగితం మడిచి, రామమోహన్ కళ్లలోకి సూటిగా చూసి, తెలుగులో మా నాయన పేరు... అని మొదలుపెట్టింది.

వెనక వరండాలో మైకు మాట విన్న అంకాలమ్మ మెయిన్ స్విచ్ లాగేసింది. పక్కనున్న బ్యాటరీల స్విచ్చునూ ఆపేసింది. మిషన్లు నడుస్తుండగా అలా ఆపితే పాడవుతాయని సారు నేర్పిన సంగతి ఆమెకు బాగా తెలుసు. మైకు మూగబోయింది. తెరలన్నీ నల్లబడ్డాయి.

"ఏందప్పా నరసింహయ్యా, కరెంటోళ్లు ఇంకా ఎదుటి పార్టీలోనే ఉండారా?" అన్నాడు రామమోహన్. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో సుగుణ గొంతు ఎవరికీ వినపడలేదు, ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు.

నరసింహయ్య సారు వచ్చి స్విచ్చు మీద అంకాలమ్మ చెయ్యి చూశారు. దొంగను తరిమినట్టు పనిలోంచి తరిమారు. గేటు దగ్గర సుగుణ అడ్డం వచ్చింది.

"నాయన్ను వాళ్లు ఒకసారి చంపినారు. నువ్వు రెండుసార్లు చంపితివి."

"నువ్వుండావు గదా మా. నాకంతే సాలు."

సుగుణ మొహం తిప్పుకుంది. మళ్లీ ఆ మొహం తల్లి చూడలేదు. పులివెందుల పక్క చీనీతోటల్లో బత్తాయి కాయలు ఏరుతూ, ఒక ఎండాకాలం అంకాలమ్మ వడదెబ్బకు పోయింది. కబురు పంపినా కూతురు రాలేదు.

సుగుణ ఇప్పుడు అదే శాఖలో లెక్చరరు. కొత్తగా చేరిన పిల్లలకు ఏటా శాఖను పరిచయం చేసేది ఆమే. కట్టించినవాళ్ల పేర్లు, ప్రారంభించినవాళ్ల పేర్లు అన్నీ చెబుతుంది. తాను ఆ గదిలో ప్రాణాలతో నిలబడి ఎందుకు మాట్లాడగలుగుతోందో మాత్రం ఆమెకు ఈనాటికీ తెలియదు.

ఈ కథ చదివిన తల్లులారా, ఆ కూతురు తలుచుకోదు. మీరైనా అంకాలమ్మను ఒక్కసారి తలుచుకోండి...